మామిడిపండును వదిలిపెట్టండి, చక్కెర డబ్బా మూయండి

పాతబస్తీలో పదహారేళ్ల ఆడపిల్ల ముఖం మీద మొటిమలు లేచాయంటే ఆమెను డాక్టరుకు చూపించారా అని ఎవరూ అడగరు. ఏం తిన్నదీ అని అడుగుతారు. లాల్ దర్వాజాలో పెద్దమ్మ అడుగుతుంది, మొగల్‌పురాలో ఖాలా అడుగుతుంది. "వేడి చేసిందే నీకు, ఆ మామిడిపండ్లు మానెయ్యి" అని ఒక ఇంట్లో. "గర్మీ హో గయీ బేటా, గోష్ నక్కో, ఆమ్ నక్కో" అని పక్కింట్లో. శిక్ష మాత్రం రెండిళ్లలోనూ ఒకటే. పిల్ల కంచంలోంచి ముందు మాంసం పోతుంది. తర్వాత గుడ్డు, ఆ తర్వాత పల్లీలు, చివరికి ఏడాదికోసారి వచ్చే మామిడిపండు కూడా. రెండు మూడు నెలలు తిరిగేసరికి పిల్ల చిక్కిపోతుంది, మొటిమలు ఉన్నచోటే ఉంటాయి. అప్పుడు "దొంగచాటుగా తింటోంది, అందుకే తగ్గట్లేదు" అన్న నింద కూడా మోయాలి.

షాలిబండ వైపు బడిలో ఆడపిల్లలకు పాఠాలు చెబుతాను. ఈ నింద మోస్తున్న ముఖాలు తరగతికి నాలుగైదు కనిపిస్తాయి. చున్నీ బుగ్గల దాకా లాక్కుని, తల వంచుకుని, వెనక బెంచీలో. వాళ్ల తరఫున గట్టిగా మాట్లాడేవాళ్లు ఇంట్లో లేరు, వీధిలో లేరు. అందుకే ఇది రాస్తున్నాను. తిండికీ మొటిమలకూ సంబంధం ఉంది, కాదనను. కాని మనవాళ్లు పట్టుకున్న తిండితో కాదు. మన ఇళ్లలో నిందపడే వస్తువులు వేరు, పరీక్షల్లో దొరికిపోయిన వస్తువులు వేరు. దొరికిపోయినవి రోజూ మన చేతులతోనే, ప్రేమగా, ఆ పిల్ల ముందు పెడుతున్నాం.

అసలు మొటిమ ఎలా పుడుతుందో చూడండి. చర్మంలో ప్రతి వెంట్రుక కుదురు దగ్గరా ఒక నూనె గ్రంథి ఉంటుంది. ఈడు వచ్చేటప్పుడు ఒంట్లో ఆండ్రోజెన్ హార్మోన్లు పెరుగుతాయి. ఆడపిల్లల్లోనూ పెరుగుతాయి. వాటి ఒత్తిడికి ఆ గ్రంథి ఎక్కువ నూనె ఊరుస్తుంది. పైన చర్మరంధ్రం దగ్గర మృతకణాలు అతుక్కుని దారి మూసుకుపోతుంది. లోపల చిక్కుకున్న నూనెలో క్యూటిబ్యాక్టీరియం ఆక్నిస్ అనే సూక్ష్మజీవి పెరుగుతుంది, ఎర్రగా వాస్తుంది, చీము పడుతుంది. ఇందులో "చెడు రక్తం" ఎక్కడా లేదు. కడుపులో వేడి లేదు. ముఖం కడుక్కోని బద్ధకం లేదు. పన్నెండు నుంచి ఇరవై నాలుగేళ్ల వయసువాళ్లలో ప్రపంచమంతటా సుమారు 85 శాతం మందికి ఏదో ఒక మోతాదులో మొటిమలు వస్తాయని చర్మవైద్యుల అంచనా. ఇంత మందికి వచ్చేదాన్ని ఒక పిల్ల చేసిన తప్పుగా చూడటం అన్యాయం.

మరి తిండి ఎక్కడ చొరబడుతుంది? ఇన్సులిన్ దారిలో. చక్కెర, మైదా, తెల్లగా పాలిష్ పట్టిన బియ్యం తిన్నప్పుడు రక్తంలో గ్లూకోజు గబాలున లేస్తుంది. దాన్ని దించడానికి ఇన్సులిన్ వస్తుంది. ఇన్సులిన్ వెంట ఐజీఎఫ్-1 అనే మరో ఎదుగుదల హార్మోను పని పెంచుకుంటుంది. ఈ రెండూ కలిసి ఆండ్రోజెన్లకు ఊతమిస్తాయి, నూనె గ్రంథికి ఇంకా ఊరించమని చెబుతాయి. అప్పటికే ఈడు హార్మోన్లతో సతమతమవుతున్న చర్మానికి ఇది అదనపు బరువు. రోజుకు నాలుగైదు సార్లు ఇలా గ్లూకోజు ఎగదోస్తే ఆ బరువు దిగే సందే ఉండదు.

ఈ సంబంధాన్ని వైద్యులు చాలాకాలం ఒప్పుకోలేదు. అదీ ఊరికే జరగలేదు. 1969లో అమెరికాలో ఒక చాక్లెట్ పరీక్ష జరిగింది. 65 మందికి, వాళ్లలో జైలు ఖైదీలు కూడా ఉన్నారు, నాలుగు వారాలు చాక్లెట్ బార్లు తినిపించి, చాక్లెట్ లేని బార్లు తిన్నప్పటి మొటిమలతో పోల్చారు. తేడా లేదన్నారు. కాని ఆ చాక్లెట్ లేని బారులో కూడా చక్కెర, కొవ్వు దాదాపు అంతే ఉన్నాయి! చక్కెర తిన్నవాళ్లను చక్కెర తిన్నవాళ్లతో పోల్చి తేడా లేదంటే దాన్ని రుజువు అంటారా? ఆ పరిశోధనకు అండగా నిలిచింది చాక్లెట్ తయారీదారుల సంఘం. ముఖ్యంగా ఆ పరీక్షను ఆసరా చేసుకుని కొన్ని దశాబ్దాల పాటు వైద్య పుస్తకాలు "తిండికీ మొటిమలకూ సంబంధం లేదు" అని రాసుకున్నాయి. ఇప్పటికీ రెండు నిమిషాల్లో పేషెంటును పంపించే కొందరు డాక్టర్లు అదే మాట అప్పజెబుతున్నారు. వాళ్ల మీదా నాకు కోపమే. డాక్టరు "ఏం తిన్నా పర్లేదు" అని తేల్చేస్తే ఇంట్లోవాళ్లు ఆయన్ని నమ్మరు, తిరిగి మామిడిపండు మీద పడతారు.

సంబంధం లేదన్న ఆ గోడ తర్వాత బీటలు వారింది. పపువా న్యూ గినియాలో కిటావా అనే దీవి ఉంది. అక్కడ 1200 మందిని, పరాగ్వేలో ఆచే అనే అడవి తెగవాళ్లు 115 మందిని పరీక్షించి చూస్తే ఒక్కరి ముఖం మీదా మొటిమ లేదని 2002లో ఒక బృందం ప్రకటించింది. కిటావావాళ్లు తినేది దుంపలు, పండ్లు, కొబ్బరి, చేపలు. మన పెద్దవాళ్ల లెక్కలో ఇందులో సగం "వేడి" సరుకే. వాళ్ల కంచంలో లేనివి చక్కెర, మైదా. జన్యువులు వేరు కదా, ఎండ వేరు కదా అని అడగొచ్చు, అడగాలి కూడా. అందుకే నేను ఎక్కువ బరువిచ్చేది 2007లో ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్‌లో జరిగిన పరీక్షకు. మొటిమలున్న 15 నుంచి 25 ఏళ్ల మగపిల్లలు 43 మందిని రెండు జట్లు చేశారు. ఒక జట్టుకు గ్లూకోజు గబుక్కున లేపని తిండి పెట్టారు, మరో జట్టు మామూలు తిండే తిన్నది. 12 వారాల తర్వాత మొదటి జట్టులో సగటున 23.5 మొటిమలు తగ్గాయి, రెండో జట్టులో 12.

ఈ పరీక్షలో మన వీధుల్లో చాటింపు వేయాల్సిన విషయం ఇంకొకటి ఉంది. ఆ మొదటి జట్టుకు మాంసం మానిపించలేదు. కొవ్వు తక్కువ మాంసం, కోడి, చేప పెంచారు. పండ్లు ఉంచారు. తీసేసింది తెల్ల బ్రెడ్డు, చక్కెర సరుకు. మనం సరిగ్గా దీనికి తలకిందులుగా చేస్తున్నాం. గోష్ తీసేసి, దాని స్థానంలో చాయ్‌లో ముంచిన బిస్కెట్లు, రస్కులు, మైదా పరోటా పెడుతున్నాం. "పథ్యం" పేరుతో మొటిమలకు మేత వేస్తున్నాం!

చాయ్ దగ్గరికి వద్దాం. ఇరానీ చాయ్ మీద నాకు ద్వేషం లేదు. చార్మినార్ నీడలో నిలబడి ఆ చాయ్ తాగి, ఉస్మానియా బిస్కెట్ కొరికి పెరిగినదాన్నే. కాని లెక్క లెక్కే. తార్నాకలో ఉన్న మన జాతీయ పోషకాహార సంస్థ 2024లో కొత్త ఆహార మార్గదర్శకాలు ఇచ్చింది. మనిషికి రోజుకు చక్కెర 20 నుంచి 25 గ్రాములకు మించకూడదని అందులో ఉంది. ఒక చెంచాకు 4 గ్రాములు అనుకున్నా, కప్పుకు రెండు చెంచాల చొప్పున మూడు చాయ్‌లకు 24 గ్రాములు. పొద్దున, బడి నుంచి వచ్చాక, రాత్రి. అక్కడికే ఆ రోజు వాటా అయిపోయింది. ఇక బిస్కెట్లు, బిర్యానీ పక్కన కూల్‌డ్రింకు, ఫంక్షన్‌లో డబల్ కా మీఠా, సాయంత్రం బేకరీ దిల్ పసంద్, ఇవన్నీ ఆ పైన. 200 మిల్లీలీటర్ల కూల్‌డ్రింకు సీసా ఒక్కటే 20 గ్రాముల పైచిలుకు చక్కెర మోసుకొస్తుంది. వీటిలో దేన్నీ ఏ పెద్దమ్మా వేలెత్తి చూపించదు. పిల్ల పచ్చడి వేసుకుంటే, చేపల పులుసు తింటే మాత్రం కళ్లెర్రజేస్తుంది.

హలీం సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే రంజాన్ నెలలో దాని మీద పడినన్ని నిందలు దేని మీదా పడవు. హలీం అంటే మాంసం, గోధుమ, పప్పులు, నెయ్యి. గంటల కొద్దీ దంచి ఉడికించిన మాంసకృత్తుల గిన్నె. నెయ్యి ఎక్కువే, రోజూ రెండు ప్లేట్లు లాగిస్తే బరువు పెరుగుతారు, నిజమే. కాని ఇఫ్తార్ సమయంలో మొటిమల వైపు నుంచి భయపడాల్సింది హలీం గిన్నెకు కాదు, దాని పక్కన ఎర్రగా మెరిసే షర్బత్ జగ్గుకు. ఖర్జూరం రెండు తిని, నీళ్లు తాగి, హలీం తినే పిల్ల తప్పేమీ చెయ్యట్లేదు. ఆమెను వదిలిపెట్టండి.

ఈ మాంసం మాన్పించే పథ్యం ఎంత ప్రమాదమో తెలియాలంటే ఒక్క సంఖ్య చాలు. ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో 57.6 శాతం మందికి రక్తహీనత. సగానికి పైగా! ప్రార్థన సమయంలో నిలబడలేక కళ్లు తిరిగి కూర్చుండిపోయే పిల్లలను మేం బడిలో చూస్తూనే ఉంటాం. నెల నెలా రక్తం పోయే వయసులో, ఇనుము కావలసిన వయసులో, మాంసం, గుడ్డు, కలేజీ ఫ్రై లాగేసుకుని "ముఖం బాగుపడాలి" అంటున్నాం. ఆమె రక్తం కన్నా ఆమె బుగ్గ మనకు ముఖ్యమైపోయింది. ఎందుకు? సంబంధం కుదరాలి కాబట్టి. ఈ మొత్తం పథ్యం వెనక ఉన్న భయం ఆరోగ్యానిది కానే కాదు, పెళ్లిచూపులది. మొటిమల పిల్ల ఫోటో పంపితే అవతలివాళ్లు తిప్పి పంపుతారన్న భయం. ఆ భయాన్ని ఆమె కంచం మీద తీర్చుకోవడం పిరికితనం.

మగపిల్లల విషయంలో ఇదేమీ లేకపోవడం గమనించారా? పాతబస్తీలో సందుకో జిమ్ ఉంది. వాటిలో కండలు పెంచే కుర్రాళ్లు డబ్బాల కొద్దీ వే ప్రోటీన్ పొడి పాలలో కలుపుకుని తాగుతున్నారు. పాల విరుగుడు నుంచి తీసిన ఆ పొడి వాడాక మొటిమలు విజృంభించిన కేసులను 2012 నాటికే చర్మవైద్యులు పత్రికల్లో నమోదు చేశారు. పైన చెప్పిన పోషకాహార సంస్థ కూడా ప్రోటీన్ పొడుల జోలికి పోవద్దనే చెప్పింది. కొన్నిచోట్ల హార్మోన్ ఇంజెక్షన్లు కూడా నడుస్తున్నాయి, ఆ హార్మోన్లు వీపు నిండా మొటిమలు తెస్తాయి. అయినా ఆ కుర్రాడికి ఇంట్లో "గర్మీ" బోధ లేదు. వాడికి ఇంకో రెండు గుడ్లు ఉడకబెట్టి పెడతారు. చెల్లెలి కంచంలోంచి తీసినవే.

ఇక మెడికల్ షాపు. పథ్యం ఫలించకపోతే తరవాతి మజిలీ అదే. "మొటిమలకు ఏదైనా క్రీము ఇవ్వన్నా" అంటే కౌంటరు వెనక నుంచి ఒక ట్యూబు వస్తుంది. నాలుగు రోజుల్లో ముఖం తెల్లబడి నున్నగా మెరుస్తుంది. అందులో ఉన్నది స్టీరాయిడ్. మానేస్తే ముఖం మండుతుంది, ఎర్రబడుతుంది, రెండింతల మొటిమలు లేస్తాయి, చర్మం పలచబడి రక్తనాళాలు కనబడతాయి. 2011లో దేశంలోని పలు కేంద్రాల్లో ముఖచర్మ సమస్యలతో వచ్చిన 2926 మందిని పరిశీలిస్తే 433 మంది ఈ స్టీరాయిడ్ క్రీములు వాడుతున్నట్టు తేలింది. వాళ్లలో 257 మందికి వాటిని వాడమన్నది డాక్టరు కాదు. ఆ 433 మందిలో 392 మందికి హాని జరిగింది, అన్నిటికన్నా ఎక్కువ కనబడిన హాని మొటిమలే. 2018లో కేంద్ర ప్రభుత్వం 14 స్టీరాయిడ్ క్రీములను డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడని షెడ్యూల్ హెచ్ జాబితాలో చేర్చింది. మన సందుల్లో ఆ జాబితాను గౌరవించే కౌంటర్లు ఎన్ని ఉన్నాయో మీరే వెళ్లి చూడండి. డ్రగ్ ఇన్‌స్పెక్టర్లు చార్మినార్ చుట్టుపక్కల గల్లీల్లోకి రావాలి. పెద్ద రోడ్ల మీదున్న దుకాణాలు చూసి వెళ్లిపోతే కుదరదు.

యునానీని నమ్మేవాళ్లకు ఒక మాట. చార్మినార్ పక్కనే ఏడో నిజాం కాలంలో కట్టిన నిజామియా యునానీ ఆసుపత్రి ఉంది. ఎర్రగడ్డలో చర్మవ్యాధుల కోసమే యునానీ జాతీయ పరిశోధన సంస్థ ఉంది. ఆ వైద్యంలో ఆహారంతో చికిత్స చేయడం ఒక శాఖ, ఇలాజ్ బిల్ గిజా అంటారు. మనిషి మిజాజ్, అంటే ఒంటి తత్వం, చూసి, నాడి పట్టి, ఎవరికి ఏది సరిపడుతుందో విడివిడిగా చెప్పాలన్నది దాని పద్ధతి. వీధి ఆ పద్ధతిని పక్కకు తోసి, నిషేధాల జాబితా ఒక్కటే ఉంచుకుంది. అందరు ఆడపిల్లలకూ ఒకే జాబితా. దానికి తోడు "ఖూన్ సాఫ్" అంటూ సీసాల్లో అమ్మే షర్బత్‌లు. షర్బత్ అంటేనే చక్కెర పాకం. చక్కెర పాకం తాగించి మొటిమలు తగ్గిస్తామనడాన్ని ఏ హకీం సాబ్ ఒప్పుకుంటారు?

తిండి మారిస్తే చాలు, మందు అక్కర్లేదనేవాళ్లకు నేను అంతే వ్యతిరేకిని. మెల్‌బోర్న్ లెక్క మళ్లీ చూడండి. తిండి మార్చినవాళ్లకు మొటిమలు పూర్తిగా పోలేదు, ఎక్కువ తగ్గాయి, అంతే. అమెరికా చర్మవైద్యుల అకాడమీ 2024 మార్గదర్శకాల్లో ఇలాంటి ఆహారాన్ని సిఫారసు చేయడానికి సాక్ష్యం ఇంకా చాలదని స్పష్టంగా రాసింది. బెంజాయిల్ పెరాక్సైడ్, అడాపలీన్ లాంటి పైపూత మందులనే గట్టిగా సిఫారసు చేసింది. కాబట్టి తిండి మార్పు తోడు మాత్రమే. లోతుగా గడ్డలు కట్టే మొటిమలకు పథ్యాలతో ఆరు నెలలు గడిపితే జీవితాంతం ఉండే గుంటలు పడతాయి. అఫ్జల్‌గంజ్‌లో ఉస్మానియా ఆసుపత్రి ఉంది, అక్కడ చర్మవ్యాధుల విభాగం ఉంది. తీసుకెళ్లండి. నెలసరి తప్పుతూ, గడ్డం కింద వెంట్రుకలు మొలుస్తూ మొటిమలు వస్తుంటే అది పీసీఓఎస్ అనే హార్మోన్ల సమస్య కావచ్చు, పరీక్షలు చేయించాలి. పిల్ల సిగ్గుపడి చెప్పదు, తల్లే అడగాలి.

మరి వంటింట్లో ఏం చేయాలి? ముందుగా, పిల్లకు వేరే కంచం పెట్టడం మానాలి. మారితే ఇల్లంతా మారాలి. అన్న ముందు కూల్‌డ్రింకు సీసా పెట్టి, చెల్లిని చూస్తూ కూర్చోమనడం క్రూరత్వం, అది నాలుగు రోజులు కూడా నిలవదు. చాయ్‌లో చక్కెర వారానికి కొంత చొప్పున అందరికీ తగ్గించండి. బిస్కెట్ల డబ్బా ఇంటికి తేకండి. దాని స్థానంలో వేయించిన శనగలు, పల్లీలు, ఒక జామకాయ. అన్నం మాననక్కర్లేదు, గుట్ట తగ్గించి పక్కన పప్పు, కూర పెంచండి. రాత్రిపూట జొన్నరొట్టె. చేయడం రాకపోతే సాయంత్రాలు రోడ్ల పక్కన కట్టెల పొయ్యి మీద కాల్చి అమ్మే ఆడవాళ్లు ఉన్నారు. ఈ మార్పుకు పరదేశపు గింజలు, ఖరీదైన పొడులు అక్కర్లేదు. పాతబస్తీ వంటిల్లే దీనికి చాలు. ఖట్టీ దాల్, దాల్చా, అంబాడా అని పిలుచుకునే గోంగూర, ఎండాకాలం మొదట్లో చింతచిగురు వేసి వండే చిగుర్ గోష్, చిక్కుడుకాయ, బగారా బైంగన్. మీర్ ఆలం మండీలో పొద్దున్నే వెళ్తే ఆకుకూరలు కట్టల కొద్దీ దొరుకుతాయి. ఏ పోషకాహార నిపుణుడు ఈ కంచాన్ని తప్పు పడతాడు? నాన్ రోజూ కాకుండా ఎప్పుడైనా తినండి. పాలు మానిపించకండి. పాలకూ మొటిమలకూ సంబంధం ఉందని కొన్ని పెద్ద సర్వేలు సూచించాయి కాని అది సూచనే. ఎముకలు గట్టిపడే వయసులో ఆ సూచన కోసం పాలు లాగేసుకోవడానికి నేను ఒప్పుకోను. మామిడిపండు పండుగానే తినండి, చక్కెర పోసి జ్యూసు తీయకండి.

ఇదంతా 12 వారాలు చేయాలి, అంతకన్నా ముందు తీర్పు చెప్పకూడదు. చర్మం తన పని తాను చేసుకోవడానికి ఆ మాత్రం సమయం కావాలి. పైపూత మందులకు కూడా అంతే పడుతుంది. ఆ మూడు నెలలు పిల్లను అద్దం ముందు నిలబెట్టి రోజూ లెక్క పెట్టకండి.

ఇంతవరకూ ఇంటిని అడిగాను, ఇప్పుడు సర్కారును అడగాలి. 2025 ఉగాది నుంచి రేషన్ కార్డు మీద మనిషికి నెలకు 6 కిలోల సన్నబియ్యం ఉచితంగా వస్తోంది. అది లేకపోతే పాతబస్తీలో వేల పొయ్యిలు సరిగా వెలగవు, ఆ బియ్యాన్ని నేను తక్కువ చేయను. కాని బియ్యం ఊరికే వచ్చి, పప్పు, గుడ్డు, కూర అంగట్లో కొనుక్కోవలసి వస్తే పేద ఇంటి కంచం నిండా తెల్లన్నమే ఉంటుంది. ఆ ఇంటి పిల్లకు "గ్లూకోజు లేపని తిండి తిను" అని చెప్పడానికి నాకు నోరు రాదు. మన పక్కనే రాజేంద్రనగర్‌లో ఉన్న జయశంకర్ వ్యవసాయ విశ్వవిద్యాలయం తెలంగాణ సోనా అనే వరి రకాన్ని తయారు చేసింది. రక్తంలో గ్లూకోజును ఎంత వేగంగా లేపుతుందో చెప్పే గ్లైసీమిక్ సూచిక దానికి 51 చిల్లర, 55 లోపుంటే తక్కువ కిందే లెక్క. షాలిబండకూ రాజేంద్రనగర్‌కూ మధ్య పట్టుమని పదిహేను కిలోమీటర్లు లేవు. చౌకధరల దుకాణాల్లో ఇచ్చే సన్నబియ్యంలో ఈ రకానికే మొదటి చోటు ఇవ్వాలి, బియ్యంతో పాటు కార్డుకు నెలనెలా కందిపప్పు, శనగలు ఇవ్వాలి. చార్మినార్, యాకుత్‌పురా, చాంద్రాయణగుట్ట ఎమ్మెల్యేల కార్యాలయాలకు ఈ డిమాండుతో వినతిపత్రాలు వెళ్లాలి. మా బడి తల్లుల సమావేశంలో మొదటి కాగితం నేనే రాసి తెస్తున్నాను.